స్ట్రాప్ తేడానా, గుండె తేడానా?

పరుగు, సైకిలు, గుండె: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ గారి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 47 ఏళ్లు. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా పరిగెడుతున్నాను, ఐదు ఫుల్ మారథాన్లు అయ్యాయి. బీపీ, షుగర్ లేవు. పొద్దున లేవగానే పల్స్ 46 ఉంటుంది. పరుగులో గుండె వేగం కొలిచే స్ట్రాప్ ఛాతీకి కట్టుకుంటాను. ఈ రెండు నెలల్లో మూడుసార్లు, కైలాసగిరి సగం ఎక్కాక, 148 ఉన్న నంబరు ఉన్నట్టుండి 205కి పోయింది. నాలుగైదు నిమిషాలు అక్కడే ఉండి ఠక్కున దిగిపోయింది. ఆ కాసేపూ గొంతు దగ్గర ఏదో కొట్టుకుంటున్నట్టు, కాళ్లలో పట్టు పోయినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి ఆపిల్ వాచ్‌లో ఈసీజీ తీస్తే ఒకసారి నార్మల్ అంది, రెండుసార్లు హార్ట్ రేట్ తక్కువగా ఉంది, చెప్పలేనంది. మా రన్నింగ్ గ్రూపువాళ్లు బ్యాటరీ మార్చమంటున్నారు. మా ఆవిడ పరుగే మానమంటోంది. జనవరిలో ముంబయి మారథాన్‌కి పేరిచ్చి ఉన్నాను. ఎవరి మాట వినాలి?

జవాబు: బ్యాటరీ మార్చండి, యాభై రూపాయల పని. కానీ అంతటితో ఊరుకోకండి. మీ ఉత్తరంలో 205 కన్నా నన్ను ఆపింది 'కాళ్లలో పట్టు పోయినట్టు' అన్న మాట. స్ట్రాప్‌లో బ్యాటరీ అయిపోతే మనిషి కాళ్లు తేలిపోవు.

స్ట్రాప్ దొంగ లెక్కలు చెప్పదా అంటే చెబుతుంది. అది గుండె కరెంటును చర్మం మీంచి పట్టుకునే వస్తువు. చర్మం పొడిగా ఉంటే పట్టు దొరకదు. అందుకే పరుగు మొదలైన మొదటి పది నిమిషాల్లో, చెమట పట్టేలోపు, పిచ్చి అంకెలు వస్తాయి. ఎదురుగాలికి నైలాన్ టీషర్టు రెపరెపలాడినా ఆ రాపిడికి వస్తాయి. కాకపోతే ఆ తప్పుడు అంకెలకు ఒక పద్ధతి ఉండదు. 148, 220, 95, మళ్లీ 231 అంటూ గంతులు వేస్తాయి. మీకేమో కొండ సగం ఎక్కాక, మన వైజాగ్ ఉక్కలో స్ట్రాప్ పిండితే నీళ్లు కారే స్థితిలో, నాలుగైదు నిమిషాలు ఒకే చోట నిలబడింది. దీన్ని స్ట్రాప్ మీదకి తోసేయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇంకో సంగతి. ఎత్తు ఎక్కుతుంటే గుండె వేగం మామూలుగా ఎలా పెరుగుతుందో మీ పాత గ్రాఫులు తీసి చూడండి. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టినట్టు మెల్లమెల్లగా, నిమిషం రెండు నిమిషాలు తీసుకుని ఎక్కుతుంది. ఆగాక దిగడమూ అంతే. స్విచ్ వేసినట్టు ఎక్కి, స్విచ్ తీసినట్టు దిగిందంటే గుండెలో కరెంటు వేరే దారి పట్టిందేమోనని అనుమానించాలి. పైగా 220 లోంచి వయసు తీసేసే పాత లెక్క ప్రకారం మీ గరిష్ఠ వేగం 173. అది ఉజ్జాయింపు లెక్క, పది పన్నెండు అటూ ఇటూ కావచ్చు. 205 అంటే ఆ అటూ ఇటూని కూడా దాటిపోయింది.

ఆ నాలుగైదు నిమిషాల భాగాన్ని ఫోన్‌లో పెద్దది చేసి, సెకను సెకనుకూ చూడండి. 204, 205, 205, 204 అని గీత గీసినట్టు ఉంటే డాక్టర్లు ఎస్వీటీ అనే రకం, అంటే గుండెలో కరెంటు అడ్డదారి పట్టి ఒక్కసారిగా వేగం పెరిగే లయ దోషం, ముందు గుర్తుకొస్తుంది. 168, 191, 154, 203 అని చిందులు వేస్తుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు కొట్టుకోవడం మానేసి వణకడం. దీన్ని పట్టుకుని రోగం పేరు తేల్చేయకూడదు. స్ట్రాప్ సగటు వేసి చూపిస్తుంది కాబట్టి చిందుల్ని కొంత నున్నగా చేసేస్తుంది కూడా. కానీ కార్డియాలజిస్టు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లడం కన్నా ఈ గ్రాఫుతో వెళ్లడం మేలు.

నా సంగతి చెప్తాను, కొంచెం సిగ్గుగానే ఉన్నా. 52 ఏళ్లప్పుడు నాకూ ఇలాగే మొదలైంది. ఆదివారం బీచ్ రోడ్డులో ఇరవై కిలోమీటర్ల పరుగు. ఆఖర్లో స్ట్రాప్ 190 దాటి చూపించేది. రోజూ క్లినిక్‌లో 'దడగా ఉంటే ఈసీజీ తీయించుకోండి' అని పదిమందికి చెప్పే నేను, నా పరుగు డైరీలో మాత్రం 'స్ట్రాప్ తేడా' అని రాసుకునేవాణ్ని. తర్వాత తిరగేసి లెక్కపెడితే ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు రాశాను. రెండు బ్యాటరీలు మార్చాను, కొత్త స్ట్రాప్ కూడా కొన్నాను. ఒక ఆదివారం రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే దిండులోంచి వినబడుతోంది: రెండు దెబ్బలు గబగబా, ఒక ఖాళీ, మళ్లీ మూడు. ఒంటి మీద స్ట్రాప్ లేదు. ఇక దేన్ని తిట్టను?

పొద్దున్నే క్లినిక్‌కి వెళ్లి, ఈసీజీ తీసే అమ్మాయితో "కొత్త పేపర్ రోల్ వేశావు కదమ్మా, మిషన్ సరిగ్గా ఉందో లేదో నా మీద ఒకసారి చూడు" అన్నాను. ఆమె తీసి, కాగితం చింపి నా చేతిలో పెట్టి, నా మొహం వైపు చూడకుండా "మిషన్ బాగానే ఉంది సార్" అంది. ప్రతి పెద్ద గీతకూ ముందు ఉండాల్సిన చిన్న గుట్ట, మేం పీ వేవ్ అంటాం, ఎక్కడా లేదు. ఆ చోటంతా గీత సన్నగా వణుకుతోంది. పెద్ద గీతల మధ్య ఎడం ఏ రెంటికీ కలవలేదు. ఎంబీబీఎస్ కుర్రాడు కూడా చూడగానే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాడు.

మీ వాచీ నార్మల్ అనడం ఎందుకో ఇప్పుడు చెప్తాను. కైలాసగిరి మీద గుండె లయ తప్పింది. ఇంటికొచ్చేసరికి దారిలో పడింది. దారిలో ఉన్న గుండెను తీస్తే వాచీ నార్మల్ అనక ఏమంటుంది? ఇక 'చెప్పలేను' అన్నదానికి కారణం మీ ఫిట్‌నెస్సే. ఆపిల్ వాచ్ ఈసీజీ కొత్త వెర్షన్ అయినా గుండె వేగం 50కీ 150కీ మధ్య ఉంటేనే ఫిబ్రిలేషన్ ఉందో లేదో తేలుస్తుంది. మీది 46. పరుగు అలవాటైన వాళ్లందరికీ ఇదే చిక్కు. ఇంట్లో తీసేటప్పుడు గదిలో నాలుగు అడుగులు వేసి, 50 దాటాక తీయండి. అలాగే వాచీ తనంతట తాను 'లయ సరిగ్గా లేదు' అని పంపే కబురు మనం కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే చూసుకుని పంపేది, అదీ ఎన్నోసార్లు వరసగా తేడా కనబడితేనే. కొండ మీద నాలుగు నిమిషాల సంగతి దానికి అందదు. కబురు రాలేదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు.

కాబట్టి పట్టుకోవాల్సింది జరుగుతున్నప్పుడే. మళ్లీ వస్తే ముందు పరుగు ఆపేయండి. టైము చూసి గుర్తుపెట్టుకోండి. పక్కన కూర్చుని, వేలు, మణికట్టు చెమట తుడుచుకుని, చెయ్యి తొడ మీద ఆనించి, మాట్లాడకుండా ముప్ఫై సెకన్లు ఈసీజీ తీయండి. ఆయాసంతో చెయ్యి కదిలితే గీత పాడవుతుంది, ఇంకోటి తీయండి. 150 పైన ఉంటే వాచీ ఏమీ తేల్చదు, అయినా ఆ గీత ఫోన్‌లో ఉండిపోతుంది, అది చాలు. దాన్ని పీడీఎఫ్ చేసి డాక్టరుకు చూపిస్తే ఆయన కళ్లు తేలుస్తాయి. వీలైతే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, దెబ్బలు వరసగా పడుతున్నాయా, తడబడుతున్నాయా అన్నది కూడా గమనించండి. పోలార్ హెచ్10 లాంటి స్ట్రాప్ ఉంటే, కొన్ని ఫోన్ యాప్‌లతో పరుగంతా ఈసీజీ గీతగా దాచుకోవచ్చు.

అయితే మళ్లీ వచ్చేదాకా చూస్తూ కూర్చోమని కాదు. ఈ వారమే కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మామూలు ఈసీజీ, ఎకో, థైరాయిడ్, పొటాషియం చూస్తారు. అక్కడ ఒక మాట అడగండి. టీఎంటీని, అంటే ట్రెడ్‌మిల్ పరీక్షని, చాలాచోట్ల వయసు లెక్క ప్రకారం 85 శాతం రాగానే ఆపేస్తారు. 173లో 85 శాతమంటే 147. మీ గొడవ మొదలయ్యేదే 148 దగ్గర! 'సార్, నాకు ఆ పైనే వస్తోంది, దగ్గరుండి ఇంకాస్త పరిగెత్తనివ్వండి' అని చెప్పండి. హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం, పెడితే ఒక్కరోజుది కాకుండా వారం, రెండు వారాలు ఛాతీకి అతికించి ఉంచే ప్యాచ్ దొరుకుతుందేమో కనుక్కోండి. రెండు నెలల్లో మూడుసార్లు వచ్చేది 24 గంటల్లో దొరకడం మన అదృష్టం మీద ఆధారపడుతుంది. (హోల్టర్ అనేది మనిషి పేరు. 1940లలో నార్మన్ హోల్టర్ అనే అమెరికా శాస్త్రవేత్త చేసిన మొదటి యంత్రం ముప్ఫై కేజీల పైమాటే, వీపున మోసుకు తిరగాలి. మనకు ప్యాచ్ దురద పెడుతోందని ఫిర్యాదు.)

మీ ఆవిడ గారి మాటకొస్తే, ఆవిడ సగం కరెక్ట్. స్వీడన్‌లో వాసలోపెట్ అని 90 కిలోమీటర్ల స్కీయింగ్ పందెం ఉంది. 1989 నుంచి 1998 దాకా దాన్ని పూర్తిచేసిన 52,755 మందిని ఏళ్ల తరబడి గమనించి 2013లో ఫలితాలు అచ్చువేశారు. ఐదుసార్లు, ఆపైన పూర్తిచేసినవాళ్లకు ఒక్కసారి చేసినవాళ్ల కన్నా లయ తప్పే ముప్పు సుమారు 30 శాతం ఎక్కువ. వేగంగా ముగించినవాళ్లలోనూ ఎక్కువే. పెరిగిన వాటిలో ముఖ్యమైనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ప్రాణం మీదకు తెచ్చే కింది గదుల లయ దోషాలు మాత్రం అలా పెరిగినట్టు కనబడలేదు. ఏళ్ల తరబడి పై గదుల గోడలు సాగడం, విశ్రాంతిలో గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి జోరు, ఇవి కారణాల్లో కొన్ని. నాకు పరుగు అయిపోయి, తిని, పడుకున్నాక రాత్రి రెండింటికి రావడం ఆ వేగస్ పుణ్యమే అనుకుంటాను. న్యూజిలాండ్ రోయర్ రాబ్ వాడెల్‌కి కూడా ఈ ఫిబ్రిలేషన్ ఉండేది. ఆయన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్ బంగారు పతకం గెలిచారు.

పరీక్షలయ్యేదాకా కొండ వద్దు, స్పీడు వద్దు, ఒంటరిగా వద్దు. పక్కవాళ్లతో మాట్లాడుతూ వెళ్లగలిగే నడక చాలు. పరుగులో కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ పట్టేసినా ఆ క్షణమే ఆపి 108కి ఫోన్ చేయించండి, ఇంటికెళ్లి పడుకోవద్దు. మీ ఇంట్లో ఎవరైనా నలభై లోపు హఠాత్తుగా పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు అడక్కుండానే చెప్పండి. ఎస్వీటీ అని తేలితే అబ్లేషన్‌తో, అంటే సన్నని తీగ పంపి గుండెలో ఆ తప్పుడు దారిని మూసేసే చికిత్సతో, చాలామందికి పీడ వదిలిపోతుంది. ఫిబ్రిలేషన్‌కి అంత తేలిగ్గా పోదు. నేను చేయించుకున్నాను, పరుగు వారానికి నాలుగు రోజులకు తగ్గించాను, గడియారంతో పందెం మానేశాను. ముంబయి పేరు ఉండనివ్వండి. వెళ్లాలా వద్దా అన్నది గీత చూశాక.

ప్రశ్న: నమస్కారం డాక్టర్ గారూ. విజయవాడ. రిటైరయ్యాను, 66 ఏళ్లు. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన 200 కిలోమీటర్ల సైకిల్ బ్రెవేలు ఏడాదికి మూడు నాలుగు చేస్తాను. మా అబ్బాయి డాలస్ నుంచి పంపిన ఆపిల్ వాచ్ పోయిన వారం రెండుసార్లు లయ సరిగ్గా లేదని చూపించింది. నాకు ఏ బాధా లేదు. మావాడు రోజూ వీడియో కాల్‌లో టెన్షన్ పడిపోతున్నాడు. రక్తం పలచబడే మందు వేసుకోవాల్సి వస్తుందట, సైకిల్ మీంచి పడితే ఎలా?

జవాబు: బాధ లేకపోవడం మంచిదే గానీ, మీ విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేం. ఫిబ్రిలేషన్ చాలామందికి ఏ బాధా లేకుండానే ఉంటుంది. మనకు భయం దడ గురించి కాదు. వణికే పై గదిలో రక్తం నిలవుండి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం.

వాచీ మాటకు ఎంత విలువివ్వాలి? ఆపిల్ కంపెనీ డబ్బుతో జరిగిన పెద్ద పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. 4,19,297 మంది పాల్గొన్నారు. అందరిలో కబురు వచ్చింది 0.52 శాతానికే, 65 దాటినవాళ్లలో సుమారు 3 శాతానికి. కబురొచ్చినవాళ్లకు తర్వాత ఈసీజీ ప్యాచ్ పంపి వారం దాకా ఉంచితే, తిరిగొచ్చిన ప్యాచ్‌లలో 34 శాతంలో ఫిబ్రిలేషన్ దొరికింది. మూడోవంతేనా అనుకోకండి. వచ్చిపోయే జబ్బు కదా, ప్యాచ్ వేసిన రోజుల్లో రాకపోయి ఉండొచ్చు. ప్యాచ్ ఒంటి మీదున్నప్పుడే వాచీ కబురు చెప్పిన సందర్భాలు చూస్తే 84 శాతం నిజంగా ఫిబ్రిలేషనే. అంటే ఇది కొట్టిపారేసే కబురు కాదు, జబ్బు ఖాయమనే కాగితమూ కాదు. రెండు మూడు రోజుల్లో ఈసీజీ తీయించండి. అందులో ఏమీ లేకపోతే హోల్టరో ప్యాచో అడగండి.

ఖాయమైతే, పక్షవాతం ముప్పును డాక్టర్లు పాయింట్లలో లెక్కేస్తారు: 65 దాటిన వయసుకు ఒక పాయింటు, బీపీకి ఒక పాయింటు. రెండు పాయింట్లున్న మగవాళ్లకు రక్తం పలచబడే మందు ఇవ్వడమే మామూలు పద్ధతి. ఈ పనికి ఆస్పిరిన్ సరిపోదు. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. కిడ్నీ పరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి.

సైకిల్ మీంచి పడటం గురించి మీ భయం సబబే. మోకాలు గీసుకుపోతే రక్తం ఎక్కువసేపు కారుతుంది, గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. తలకు దెబ్బ తగిలితే మాత్రం బాగానే ఉన్నట్టనిపించినా హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే. హెల్మెట్ లోపల మందు పేరు రాసిన చీటీ అతికించండి. చీకట్లో ఘాట్ దిగే బ్రెవేలు వదిలేయండి. నా పేషెంట్లలో ఇద్దరు ఈ మందు మీదే సైకిలు తొక్కుతున్నారు. ఒకాయన చీటీ మీద మందు పేరు కన్నా పెద్ద అక్షరాలతో ఇంటి ఫోన్ నంబరు రాసుకున్నాడు, అదీ మంచి ఆలోచనే. మీ అబ్బాయికి ఈసీజీ ఫొటో వాట్సాప్ చేయండి, కాస్త స్థిమితపడతాడు.

ప్రశ్న: సార్, నాకు 34. మియాపూర్‌లో ఉంటాం. ఫస్ట్ హాఫ్ మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాను. డిసెంబరు చలిలో పొద్దున్నే మెల్లగా జాగింగ్ చేస్తున్నా వాచీ 170 పైనే చూపిస్తోంది. ఆయాసం లేదు, పక్కనమ్మాయితో కబుర్లు చెబుతూనే పరిగెడుతున్నాను. గుండె పాడైపోయిందేమోనని రాత్రుళ్లు నిద్రపట్టడం లేదు.

జవాబు: హాయిగా పడుకోమ్మా. రేపు పొద్దున పరిగెడుతూ కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చవేయి. 170 చిల్లర వస్తే దొంగ దొరికినట్టే. నీ వాచీ గుండెను వదిలేసి అడుగులు లెక్కపెడుతోంది.

చేతి వాచీ కింద పచ్చ లైటు చూశావు కదా, అది చర్మంలో రక్తం పొంగే తీరును చూసి పల్స్ లెక్కేస్తుంది. చలికి చర్మంలోకి రక్తం తక్కువ వస్తుంది, వాచీ వదులుగా ఉంటే ప్రతి అడుగుకూ ఊగుతుంది. పొంగు సరిగ్గా కనబడక అది ఆ ఊపునే పల్స్ అనుకుంటుంది. గాజులు వాచీని తోస్తుంటే పరుగప్పుడు తీసేయి. మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, బెల్టు ఒక రంధ్రం బిగించి పెట్టుకో. ఇంట్లోనే కాసేపు ఒళ్లు వేడెక్కించుకుని బయల్దేరు. ఆగిన వెంటనే మెడ దగ్గర పదిహేను సెకన్లు పల్స్ చూసి నాలుగుతో హెచ్చవేయి. అది 130, 140 అయితే అదే నీ అసలు లెక్క. వేలితో చూసినా 170 వస్తే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించు. రక్తం తక్కువున్న ఆడపిల్లల్లో గుండె వేగం నిజంగానే ఎక్కువుంటుంది, అది వాచీ తప్పు కాదు.

ప్రశ్న: ఛాతీ స్ట్రాప్ కంపు కొడుతోంది, ఇంట్లోవాళ్లు బాల్కనీలో పెట్టమంటున్నారు. ఉతకొచ్చా? నెలకో బ్యాటరీ కూడా తినేస్తోంది. (కాకినాడ)

జవాబు: ఉతకొచ్చు. ముందు ప్లాస్టిక్ బిళ్ల ఊడదీయండి. బెల్టును రోజూ మంచినీళ్లతో జాడించి, వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి ఉతికి నీడన ఆరేయండి. పిండొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. బ్యాటరీ ఎందుకు పోతోందంటే, పరుగయ్యాక బిళ్లను తడి బెల్టుకే ఉంచి కొక్కేనికి తగిలిస్తున్నారు. తడి తగిలినంతసేపూ అది మీరింకా పరిగెడుతున్నారనే అనుకుంటుంది.